పట్టుంది, విడుపు లేదు

సపోర్టు ఉద్యోగంలో చేరబోయే పిల్లలెవరైనా సలహా కోసం వస్తే నేను ముందు ఒకటే అడుగుతాను. "పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయే అలవాటుందా?" ఉందంటే ఫరవాలేదు. మర్చిపోతానని తెలిసిన మనిషి పొయ్యి పక్కనే నిలబడుతుంది. నేనెప్పుడూ మర్చిపోనండీ అనేవాళ్ళ ఇంట్లోనే పాలు పొంగుతాయి, వాళ్ళ చేతుల్లోనే సర్వర్లు పడిపోతాయి.

మాది కాకినాడ. పెళ్ళయి హైదరాబాద్ వచ్చి, మాదాపూర్, కొండాపూర్ చుట్టుపక్కల ఆఫీసుల్లో లినక్స్ మెషీన్లకి కాపలా కాసి రిటైరయ్యాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో నాకు సరిగ్గా గుర్తులేదు. మా ఆయనకి గుర్తుంటుంది, చుట్టాలకి చెప్పుకునేది ఆయనే కాబట్టి. వీడ్కోలు సభలో నా గురించి మా మేనేజరు కార్తీక్ చాలా మంచి మాటలు చెప్పాడు. ఒక్క మాట మాత్రం చెప్పలేకపోయాడు. ఆ ఒక్కటీ నేను చెబుతాను.

అది ఒక షెల్ స్క్రిప్టు గురించి. షెల్ స్క్రిప్టంటే మెషీన్‌కి వరసగా రాసిచ్చిన పనులు. ఊరెళ్ళేటప్పుడు ఇంట్లోవాళ్ళకి చెప్పి వెళతాం చూడండి, ముందు మోటారు వెయ్యి, ట్యాంకు నిండాక ఆపు, పడుకునేముందు గ్యాసు కట్టెయ్ అని, అలాంటిది. చెప్పింది చేస్తుంది, చెప్పనిది చెయ్యదు. తప్పు చెప్పినా అంతే శ్రద్ధగా చేస్తుంది. నేను చెప్పబోయే స్క్రిప్టు సంగీతం రికార్డు చేసేది. చూడ్డానికి ఒక పేజీ కూడా ఉండదు. ఉద్యోగంలో ఎన్నో చూశాను, బ్యాంకు మెషీన్లు నిలిచిపోవడం చూశాను, అయినా ఆ చిన్న పేజీ కొట్టిన దెబ్బకి నా గుండె ఇంకా కుదుటపడలేదు.

మూర్తిగారు

ముందు నా మొదటి బాసు గురించి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు.

మూర్తిగారు పొట్టిగా, ఎప్పుడూ తెల్లచొక్కాలో ఉండేవారు. ఆయన దగ్గర రెండు చాదస్తాలు ఉండేవి. మొదటిది, ఏ ప్రోగ్రాం చెడిపోయినా దాన్ని పైకి చదవాలి. మనసులో కాదు, నోటితో, హాల్లో అందరికీ వినిపించేలా. నాకు సిగ్గుగా ఉండేది. "కంటికి బద్ధకం ఎక్కువ పద్మగారూ, తెలిసిన పదం కనిపిస్తే దూకేస్తుంది. నాలుక దూకలేదు," అనేవారు. మేం వెనకాల ఆయన్ని పురాణం మూర్తిగారని పిలుచుకునేవాళ్ళం.

రెండోది, ప్రోగ్రాములని ఆపే పద్ధతి. మొండికేసిన ప్రోగ్రాంని ఆపడానికి మా వృత్తిలో ఒక మోటు ఆజ్ఞ ఉంది, కిల్ మైనస్ నైన్ అంటారు. కొట్టగానే అది అక్కడికక్కడే చస్తుంది. కొత్తవాళ్ళకి అదంటే మహా సరదా. మూర్తిగారు మాత్రం ఒప్పుకునేవారు కాదు. "అన్నం తింటున్న మనిషిని లెమ్మంటే చెయ్యి కడుక్కుని లేస్తాడు. జుట్టు పట్టుకుని లాగితే విస్తరి తన్నుకుంటూ లేస్తాడు. ముందు మర్యాదగా లెమ్మనండి," అనేవారు. ఆ పైన తప్పకుండా ఇంకో మాట. "పట్టు అందరికీ వస్తుందమ్మా. విడుపు నేర్చుకోవాలి."

అప్పట్లో ఆ మాటకి నవ్వుకున్నాను. అదే మాట నా ఉద్యోగం చివర్లో ఇంకో మనిషి నోట వింటానని అనుకోలేదు.

వేళ్ళ లెక్క

నేను ఆఖరున పనిచేసింది చిన్న కంపెనీ. సంగీత పరీక్షలు పెట్టే ఒక సంస్థకి మేం సాంకేతిక సాయం చేసేవాళ్ళం. కొత్తగూడ జంక్షన్‌కి కాస్త లోపల ఒక మేడ మీద పరీక్షా కేంద్రం. అభ్యర్థి వచ్చి కేంద్రంలోని కీబోర్డు గానీ, సొంతది తెచ్చుకుని గానీ వాయిస్తే మా స్క్రిప్టు దాన్ని మిడి ఫైలుగా రికార్డు చేసి పరీక్షకులకి పంపేది. వాళ్ళు ఇళ్ళలో కూర్చుని విని, మార్కులు వేసి, కింద ఒక వాక్యం రాసేవారు.

మిడి ఫైల్లో శబ్దం ఉండదని చాలామందికి తెలియదు. అందులో ఉండేది వేళ్ళ లెక్క. ఏ మీట నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, అంతే. ఆ లెక్క చూసి అవతలి మెషీన్ మళ్ళీ వాయిస్తుంది. పియానో గొంతుతో కావాలంటే పియానో, హార్మోనియం గొంతుతో కావాలంటే హార్మోనియం.

ఆ స్క్రిప్టుతో నాకు పరిచయం ఒక చిన్న గొడవతో మొదలైంది. పరీక్షలు అవుతున్నాయి, అప్పటిదాకా బాగానే వచ్చిన ఫైళ్ళు ఉన్నట్టుండి ఖాళీగా వస్తున్నాయి. కేబుళ్ళు మార్చారు, కీబోర్డులు మార్చారు, మెషీన్ మార్చారు. నన్ను పిలిస్తే వెళ్ళి స్క్రిప్టులో రికార్డింగు ఆపే చోటు పైకి చదివాను. ఏముంది, ఎవరో కొత్తగా కిల్ మైనస్ నైన్ పెట్టారు. రికార్డు చేసే ప్రోగ్రాం విన్నదంతా తన దగ్గరే పెట్టుకుని, ఆపమన్నప్పుడు ఫైల్లో రాస్తుంది. వీళ్ళు ఆపమనడం లేదు, పీక పిసుకుతున్నారు. మూర్తిగారి విస్తరి గుర్తొచ్చి నవ్వొచ్చింది. మర్యాదగా ఆపేలా మార్చాను, ఫైళ్ళు నిండుగా రావడం మొదలైంది.

మా మేనేజరు కార్తీక్ గుంటూరు కుర్రాడు, చురుకైనవాడు. "మేడం, మీరు దేవత," అన్నాడు. అంతకుముందు వారం దాకా నా పేరు ఆ ఓల్డ్ లేడీ అని నాకు తెలుసు. దేవతగా ప్రమోషన్ వచ్చిందిలే అనుకుని టీ తాగాను.

రిసెప్షన్‌లో దుప్పటి మూట

కొన్నాళ్ళకి మా ఆఫీసు కింద సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. "మేడం, ఒకామె వచ్చింది. పొద్దుగాల్నుంచి కూసుంది. పొమ్మంటే పోతలేదు. లొల్లి గిట్ల చేస్తలేదు, ఊకెనే కూసుంది."

వెళ్ళి చూస్తే సోఫా అంచున ముప్పై దాటిన అమ్మాయి, ఒళ్ళో దుప్పటిలో చుట్టిన పొడవాటి మూట. పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. పేరు సరిత, ఉండేది నార్సింగిలో. మూటలో ఉన్నది ఆమె కీబోర్డు, పరీక్షలో వాయించింది దాని మీదే.

సరిత సంగతి ఇదీ. ఇంట్లో చుట్టుపక్కల పిల్లలకి కీబోర్డు నేర్పేది. పుప్పాలగూడలో ఒక బడివాళ్ళు ఆమె వాయించడం విని సంగీతం టీచరుగా తాత్కాలికంగా తీసుకున్నారు. బడి మళ్ళీ తెరిచేలోపు సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం ఖాయం, తేకపోతే ఇంకొకరిని చూసుకుంటారు. ఆమె పరీక్షకి రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ తప్పింది. మూడుసార్లకి మించి రానివ్వరు. మాకు ఫిర్యాదు పెడితే, మార్కులు పరీక్షకుల ఇష్టం, సాంకేతిక లోపం ఏమీ లేదు అని జవాబిచ్చి మావాళ్ళు మూసేశారు. అలా ఎన్నిసార్లు మూశారో చెప్పడానికి నాకే నామోషీగా ఉంది.

నేను కూడా అదే జవాబు మర్యాదగా చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మేడం, మార్కులు పెంచుండ్రి అని నేను రాలే. నాకొక్కటే గావాలె. నేను వాయించింది నాకొక్కసారి వినిపిస్తరా?"

ఇన్ని పరీక్షలు జరిపాం, ఇన్ని ఫైళ్ళు పంపాం, వాయించిన మనిషికి వినిపించాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

"ఎందుకమ్మా?" అన్నాను.

ఆమె ఫోన్ తీసి పరీక్షకుడు రాసిన వాక్యం చూపించింది. మొదటిసారి రాసిందీ, రెండోసారి రాసిందీ ఒకటే. పట్టుంది, విడుపు లేదు.

"విడుపు లేదంటే ఏంది మేడం? కీ మీంచి వేలు తీస్తలేనంట. పిల్లలకు నేను జెప్పేదే అది, స్వరమైపోంగనే వేలు లేపాలె అని. నాకే రాదంటున్నరు. గందుకే పిల్లల్ని గూడ రావద్దన్న. నాకే రానిది ఆళ్ళకేం జెప్త?"

ఆగని మోత

పైకి తీసుకెళ్ళి ఫైలు వినిపించాను. పరీక్షకులు వినేది పియానో గొంతుతో, నేనూ అలాగే పెట్టాను. ఒక స్వరం మీద ఇంకో స్వరం, దాని మీద ఇంకోటి పడి అంతా అలుక్కుపోయినట్టు వినిపించింది. ముగ్గు మీద నీళ్ళు పోసినట్టుంది.

"గిది నేను గాదు," అంది సరిత. కాసేపాగి, "నేనేనా?" అంది.

నాకు సంగీతం రాదు. చిన్నప్పుడు మా వీధి భజనలో విన్న హార్మోనియం తప్ప నాకు ఏ వాద్యం గొంతూ సరిగ్గా తెలియదు. అందుకని, నాకు అర్థమయ్యే భాషలో విందామని గొంతు హార్మోనియంకి మార్చి మళ్ళీ వేశాను. అంతే, ఒక్క క్షణంలో గదంతా మోత. స్వరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి, ఒక్కటీ ఆగదే! పక్క గదుల్లోంచి జనం తొంగిచూశారు. ఫైలు అయిపోయింది. తెరమీద అయిపోయిందని కనిపిస్తూనే ఉంది. మోత మాత్రం ఆగలేదు.

పియానో స్వరం దానంతటది సన్నగిల్లి పోతుంది, కాబట్టి పరీక్షకుడికి అది వేలు తీయడం రాని మనిషి వాయించినట్టు వినిపించింది. హార్మోనియం అలా పోదు, వదిలితేనే ఆగుతుంది. ఎంత చేతకాని మనిషైనా వాయించడం అయ్యాక లేచి వెళుతుంది కదా! చేతులు కీబోర్డు మీదే వదిలేసి వెళ్ళదు కదా! చివరికి స్పీకరు వైరు పీకితే గాని గది నిశ్శబ్దం కాలేదు.

"సరితా, ఇది నువ్వు కాదు," అన్నాను.

తర్వాత పని తొందరగానే అయిపోయింది. ఫైలుని అక్షరాల్లోకి మార్చి చదివాను. మీట నొక్కింది, మీట నొక్కింది, మీట నొక్కింది. వదిలినట్టు ఒక్క వరసా లేదు. దుప్పటి విప్పించి ఆమె కీబోర్డు తగిలించి, నేనే ఒకటి రెండు మీటలు నొక్కి వదిలి, స్క్రిప్టు లేకుండా నేరుగా రికార్డు చేశాను. ఇప్పుడు వదిలిన వరసలు వచ్చాయి, కాని వేరే వేషంలో. మా కేంద్రంలోని కీబోర్డులు మీట వదిలితే వదిలాను అని వేరే మాట పంపుతాయి. సరితది పాత కీబోర్డు, అది వదిలాను అనదు. ఆ మీటనే మళ్ళీ నొక్కాను, బలం సున్నా అంటుంది. రెండూ ఒప్పే, మిడి నియమాల్లో రెండూ చెల్లుతాయి. సున్నా బలంతో నొక్కడమంటే వేలు ఎత్తేయడం.

అప్పుడు స్క్రిప్టు తెరిచి మూర్తిగారు చెప్పినట్టు పైకి చదవడం మొదలుపెట్టాను. సరిత పక్కనే కూర్చుని వింటోంది. రికార్డు చెయ్యి. ఆపు. అక్షరాల్లోకి మార్చు. ఆ తర్వాతి వరస చదువుతుంటే నా నాలుక తడబడింది. బలం ఎనిమిది కన్నా తక్కువున్న నొక్కులన్నీ తీసెయ్.

సున్నా ఎనిమిది కన్నా తక్కువే.

ఆ వరస ఆమె ఎత్తిన ప్రతి వేలినీ ఏరి పారేస్తోంది. నొక్కినవన్నీ ఉంచి, వదిలినవన్నీ తీసేసి, ఇదిగో ఈమెకి విడుపు లేదు అని పరీక్షకుడి చేతిలో పెడుతోంది. ఇంత దారుణం ఇంత చిన్న గుర్తుతో జరుగుతుందని, నా తల నెరిసేదాకా ఈ పనే చేసినదాన్ని, నమ్మలేకపోయాను.

"ఏమైంది మేడం?" అంది సరిత.

"నువ్వు వదిలావమ్మా. ప్రతిసారీ వదిలావు. మేం పారేశాం."

సరిత కీబోర్డు మీద దుప్పటి కప్పి, మళ్ళీ తీసి, మళ్ళీ కప్పింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "అయితే నాకొచ్చా?"

మంచితనం చేసిన పని

ఆ వరస పైన రాసినవాళ్ళు ఒక వ్యాఖ్య పెట్టుకున్నారు. తెలుగులో చెప్పాలంటే, భయంతో వణికే వేళ్ళు పొరపాటున పక్క మీటకి తగిలితే మార్కులు పోకూడదు, అందుకని అతి మెల్లని నొక్కులు తీసేస్తున్నాం అని. ఎవరో మంచి మనసుతో రాశారు. ఎవరా అని చూస్తే కార్తీక్, మేనేజరు కాకముందు.

పిలిచి చెప్పాను. "ఎడ్జ్ కేస్ కదా మేడం," అన్నాడు ముందు. మా కారిడార్‌లో ఆ మాటకి అర్థం, ఎవరో ఒకరికి జరిగింది, మనకి కాదు అని. నేను వాదించలేదు. స్పీకరు వైరు పెట్టి హార్మోనియం మోత వినిపించాను. మొదట చెవులు మూసుకున్నాడు, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేడం, ఒకమ్మాయి ఎగ్జామ్‌లో ఏడ్చిందండి. వేలు జారి పక్క కీ తగిలిందని. అది చూసి రాశాను. హెల్ప్ అవుతుందనుకున్నాను."

అతని ముఖం చూస్తే జాలేసింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడం అదే మొదటిసారి. "ఒరిజినల్ రికార్డింగులు ఉన్నాయా?" అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. స్క్రిప్టు ఆఖరి వరస ఏమిటో నాకు చదవకుండానే తెలిసింది. శుభ్రం చేశాక అసలు ఫైలు తుడిచెయ్.

"ఇది బయటికి చెప్తే కాంట్రాక్ట్ పోతుంది మేడం. సైలెంట్‌గా ఫిక్స్ చేసి, ఆవిడకి ఇంకో ఛాన్స్ ఇప్పిద్దాం."

"ఆవిడ వచ్చి రిసెప్షన్‌లో కూర్చుంది కాబట్టి తెలిసింది కార్తీక్. రానివాళ్ళో?"

అతను తన సీటుకి వెళ్ళి, పరీక్షకులు రాసిన పాత వ్యాఖ్యల్లో విడుపు అనే మాట కోసం వెతికాడు. నేను వెనకే నిలబడ్డాను. తెరమీద పేర్లు వస్తున్నాయి, ఆగకుండా కిందికి వస్తున్నాయి. విడుపు లేదు, విడుపు అలవడాలి, విడుపు బొత్తిగా లేదు. అందరూ సొంత కీబోర్డు తెచ్చుకున్నవాళ్ళే. సంవత్సరాల తరబడి ఇంతమంది మాకు చెప్పకుండా, మమ్మల్ని అడగకుండా, నిజమే కాబోలు, మాకు రాదు కాబోలు అనుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు.

కార్తీక్ ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. కొన్ని నంబర్లు పనిచేయలేదు. ఒకాయన ఎత్తి అంతా విన్నాడు. స్పీకర్లో ఆయన గొంతు నాకూ వినిపించింది. "కీబోర్డు ఎప్పుడో అమ్మేసిన సార్. ఇప్పుడు క్యాబ్ నడుపుతున్న. ట్రిప్పుల ఉన్న, పెట్టెయ్‌నా మరి?" కోపం లేదు ఆ గొంతులో, అదే భరించలేకపోయాం. కార్తీక్ ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాడు. తర్వాత ఎవరినీ అడగకుండా సంగీత సంస్థకి జరిగిందంతా రాసి పంపేశాడు. కాంట్రాక్టు సంగతి తర్వాత ఏమైందో అది వేరే కథ, అందులో నేర్చుకోవలసింది ఏమీ లేదు.

మళ్ళీ పరీక్ష

సంస్థవాళ్ళు సరిత పాత పరీక్షలు రెండూ రద్దు చేశారు. ఆ వాక్యం రాసిన పరీక్షకుడు విశ్వనాథంగారు తనే స్వయంగా కొత్తగూడ వస్తానన్నారు. వయసు మళ్ళిన మనిషి, మెట్లు ఆగి ఆగి ఎక్కారు. లోపలికి రాగానే సరితకి నమస్కారం పెట్టారు. ఆమె కంగారుపడి లేచి నిలబడింది.

స్క్రిప్టు నేనే దగ్గరుండి సరిచేశాను. సున్నాని ముట్టుకోవద్దు అన్న చిన్న షరతు, అంతే. తెరమీద వరసలు కనిపించేలా పెట్టుకుని మూల కూర్చున్నాను. బడి తెరవడానికి ఇంకా వారం ఉంది. పాస్ అయితే ఉద్యోగం నిలుస్తుంది. నాకు మనసులో పండగలా ఉంది, దాచుకోవడం ఎందుకు?

సరిత మొదలుపెట్టింది.

మొదట నా చెవులే తప్పనుకున్నాను. ఒక స్వరం, తెగిపోయింది. ఇంకో స్వరం, తెగిపోయింది. కొత్తిమీర తరిగినట్టు టకటకా ముక్కలు. తెరవైపు చూశాను. నొక్కింది, సున్నా. ఖాళీ. నొక్కింది, సున్నా. ఖాళీ. సున్నాలన్నీ ఉన్నాయి. స్క్రిప్టు ఒప్పు, రికార్డు ఒప్పు. విశ్వనాథంగారు కలం పక్కన పెట్టేసి నావైపు చూశారు. ఆయన కళ్ళలో ఉన్న భయం నేను మర్చిపోలేను.

"ఆగమ్మా," అన్నారు ఆయన. "ఇలా వాయించడం ఎప్పట్నుంచి?"

"మీరు రాసినంక సారు," అంది సరిత. తప్పు చేసిన పిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "విడుపు లేదంటిరి గదా. జొన్నరొట్టె చేసే పెంక లేదా, కాలిన పెంక, కీ అంటే గదే అనుకున్న. వేలు పెట్టంగనే తీసుడు. పెట్టుడు, తీసుడు. దినాం గదే చేసిన. ఇప్పుడు మెల్లగ వాయిద్దామన్నా చేతులు ఇంటలేవు."

మేం ఒక తప్పుడు రికార్డు తయారుచేశాం. ఆయన దాన్ని విని నిజాయితీగా ఒక వాక్యం రాశారు. ఈమె ఆ వాక్యాన్ని నమ్మి, లేని జబ్బుకి మందు మింగి, ఉన్న ఆరోగ్యం పోగొట్టుకుంది. స్క్రిప్టు బాగుచేయడానికి నాకు టీ చల్లారేంత సేపు పట్టలేదు. ఈమె వేళ్ళని బాగుచేసే ఆజ్ఞ నాకు తెలిసిన ఏ మెషీన్‌లోనూ లేదు. ఏడుపొచ్చింది. అంతమంది ముందు ఆఫీసు పనిలో ఏడవడం నాకదే మొదలు.

విశ్వనాథంగారు కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నారు. "ఈరోజు నేను మార్కులు వేయను తల్లీ. వేసే అర్హత నాకు లేదు. నీ వేళ్ళు మాట వినే రోజున కబురు చెయ్యి. ఎప్పుడైనా సరే, నేనే వస్తాను."

"బడి తెరుస్తరు సారు," అంది ఆమె.

ఆయన బడికి ఫోన్ చేశారు, కార్తీక్ వెళ్ళి కూర్చుని బతిమాలాడు. వాళ్ళు సానుభూతిగానే విన్నారు, బడి తెరిచిన రోజున ఇంకో టీచరుని పెట్టుకున్నారు.

చేరబోయేవాళ్ళకి

మీకు ట్రైనింగులో చాలా చెబుతారు. నేను చెప్పేది చెప్పరు. ఫిర్యాదు వచ్చినప్పుడు ఎవరు పెట్టారని చూడకండి, ఎవరు పెట్టలేదో ఆలోచించండి. మాకు పెట్టనివాళ్ళే ఎక్కువమంది, వాళ్ళంతా తప్పు తమదే అనుకున్నారు. మెషీన్ చెప్పింది అబద్ధమని మనకి తెలుసు, ఎందుకంటే మనం దాన్ని రోజూ తిడుతూ ఉంటాం. బయటివాళ్ళు దాన్ని నమ్ముతారు, దాని ప్రకారం తమని తాము మార్చుకుంటారు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు వణుకొస్తుంది, మీకూ రావాలి. కీబోర్డు ముందు కూర్చున్నప్పుడు ఆ వణుకు కాస్త ఉండటం మంచిది.

మంచితనంతో రాసే వరసల్ని ఇంకా జాగ్రత్తగా చదవండి. చెడ్డ ఉద్దేశంతో రాసింది ఎవరో ఒకరు పట్టుకుంటారు. మంచి ఉద్దేశంతో రాసినదాన్ని ఎవరూ అనుమానించరు. కార్తీక్ ఇప్పుడు తన టీంలో ప్రతి స్క్రిప్టునీ పైకి చదివిస్తున్నాడట. వెనకాల పిల్లలు అతన్ని ఏదో పేరు పెట్టి పిలుస్తూనే ఉంటారు.

నేను రిటైరయ్యాక సరిత అప్పుడప్పుడు ఫోన్ చేసేది. ఇంటికి పిల్లలు మళ్ళీ వస్తున్నారట. చేతుల గురించి అడిగితే మాత్రం, "అయితది మేడం, ఫికర్ చెయ్యకుండ్రి," అని మాట మార్చేసేది. నేను ఇక అడగడం మానేశాను. వానలు వచ్చాయి, వెళ్ళిపోయాయి.

మొన్నొక మధ్యాహ్నం ఆమె దగ్గర్నుంచి ఫోన్‌కి ఒక ఫైలు వచ్చింది. పాట కాదు, మిడి ఫైలు. కింద ఒక్క ముక్క, "మేడం, జర చూడుండ్రి." వినమనలేదు, చూడమంది. నాకు చూడటమే వచ్చని తెలిసిన మనిషి.

ల్యాప్‌టాప్ తెరిచి దాన్ని అక్షరాల్లోకి మార్చాను. అలవాటు కొద్దీ పైకి చదవడం మొదలుపెట్టాను. మీట నొక్కింది. తర్వాతది సున్నా అయితే అన్న భయం. తర్వాతది సున్నా కాదు. ఇంకో మీట నొక్కింది. ఆ తర్వాత, అది నొక్కాకే, మొదటిదానికి సున్నా. ఇంకో మీట, దాని వెనకే ముందుదానికి సున్నా. ఎక్కడా ఖాళీ లేదు. ఒక స్వరం రెండోదాని చెయ్యి అందుకున్నాకే వెళుతోంది. చదువుతూ పోతున్నాను, కళ్ళజోడు మసకబారుతోంది, తుడుచుకుని మళ్ళీ చదువుతున్నాను.

పక్క కుర్చీలో మా ఆయన పేపరు దించాడు. "ఏమిటే ఆ చదవడం? సున్నా సున్నా అని, ఏమిటది?"

"సరిత వాయిస్తోందండీ," అన్నాను.